అన్నవాహిక క్యాన్సరు: తొలిదశలో శస్త్రచికిత్స నిర్ణయము



మనము మ్రింగిన కబళము గొంతు దిగి కడుపు చేరుటకు పట్టు కాలము ఇంచుమించు 10 సెకండ్లు. ఆ కొద్దిపాటి ప్రయాణము జరుగు మార్గమునకే అన్నవాహిక యని పేరు. పెద్దవారిలో దాని పొడవు సుమారు 25 సెంటీమీటర్లు, అనగా జానెడు కంటె కొంచె మెక్కువ. దానికి ముందు ఊపిరిగొట్టము, గుండె, వెనుక వెన్నెముక, ప్రక్కను శరీరమంతటికి నెత్తురు పంపు పెద్ద ధమని. ఇంత ఇరుకైన చోట, ఇంతటి విలువగల పొరుగువారి నడుమ నున్న ఈ గొట్టమునకు క్యాన్సరు, మన పూర్వులు రాచపుండని పిలిచిన వ్యాధి, సోకినదని వైద్యుడు చెప్పగనే ఇంటిల్లిపాదికి తోచు ప్రశ్న ఒక్కటే: ఆపరేషను చేయించవలెనా, వలదా?

ఆ ప్రశ్నకు ముందు అడుగవలసినది మఱియొకటి కలదు. వ్యాధి ఎంత లోతు దిగినది? తొలిదశలో పట్టుబడిన వ్యాధికి తక్కిన నిర్ణయములన్నియు ఈ ఒక్క సంగతిపై ఆధారపడియుండును. నేటి ప్రసంగము దీనిని గూర్చియే.

తొలిదశలో పట్టుబడుట అరుదు. అన్నవాహిక సాగెడు స్వభావము గలది. కావున లోపలి దారి చాలవఱకు పూడుకొనిపోవునంత దాక మనిషికి మింగుడుపడకపోవుట తెలియనే తెలియదు. మొదట గట్టి ముద్ద అడ్డుపడును, అప్పుడు నీళ్లు త్రాగి దింపుకొందురు. తరువాత మెత్తని అన్నము, కడపట గంజి. ఆ స్థితిలో ఆసుపత్రికి వచ్చు వారే మన దేశమున ఎక్కువ. తొలిదశలో బయటపడినవారు తఱచుగా వేఱొక పనిమీద పరీక్షకు పోయినవారే. ఛాతీలో మంట యని ఎండోస్కోపు చేయించుకొన్న వారు కొందఱు. నోటి క్యాన్సరుకు చికిత్స పొందిన పిదప గొంతు, అన్నవాహిక కూడ చూపించుకొన్న వారు మఱికొందఱు. వీరు అదృష్టవంతులు. కాని ఆ అదృష్టముతో ఒక చిక్కు వచ్చును. ముదిరిన వ్యాధికి వైద్యుడు చూపు దారులు కొద్ది. తొలిదశకు దారులు మూడు నాలుగు, ఒక్కొక్కదానికి ఒక్కొక్క లాభము, ఒక్కొక్క నష్టము. ఎన్నుకొను భారము రోగిపైనను అతని ఇంటివారిపైనను పడును.

ఈ లోతు సంగతి చూతము. అన్నవాహిక గోడ పొరలు పొరలుగా నుండును. అన్నము రాసుకొనిపోవు లోపలి నునుపైన పొర మొదటిది. దాని క్రింద నెత్తుటి నాళములు, లసికా నాళములు అల్లుకొనియున్న మెత్తని పొర రెండవది. ఆ క్రింద కండపొర. వ్యాధి ఎల్లప్పుడు మొదటి పొరలోనే పుట్టును. దూలమునకు చెద పట్టినప్పుడు వడ్రంగి ఏమి చూచును? పై బెరడు వఱకే తినినదా, చేవ దాక పోయినదా యని కదా! బెరడు వఱకే యైనచో చెక్కివేసి దూలము నిలుపుకొనును. వైద్యుని ఆలోచనయు అట్టిదే. అయితే దూలమునకు లేని చిక్కు ఒకటి ఇక్కడ కలదు. రెండవ పొరలోని లసికా నాళములు వ్యాధికణములను మోసికొనిపోయి, మెడలోను, ఛాతీలోను, కడుపు పైభాగమునను ఉన్న బిళ్ళలలో వదలివేయును. ఇతర అవయవములలో కంటె అన్నవాహికలో ఈ నాళములు మిక్కిలి దట్టము. పైకి క్రిందికి నిలువుగా సాగియుండును. ఇందుచేతనే గోరంత వ్యాధి కూడ దూరపు బిళ్ళను చేరగలదు.

లెక్కలు చెప్పవలెనన్న, వ్యాధి మొదటి పొర పైభాగముననే ఆగియున్నచో బిళ్ళలకు ప్రాకియుండు అవకాశము నూటికి ఒకటి రెండు పాళ్లకు మించదు. రెండవ పొరలోనికి దిగినచో, దిగిన లోతును బట్టి, అది నూటికి 20 పాళ్లు, ఒక్కొక్కచో 40 పాళ్లు కూడ కావచ్చును. మన దేశమున ఎక్కువగా కనబడు పొలుసుకణముల జాతిలో ఈ రెండవ పొరలో సరిహద్దుగా వైద్యులు పెట్టుకొన్న కొలత మిల్లీమీటరులో అయిదవ వంతు. రెండు కాగితములను కలిపి పట్టుకొన్నచో ఎంత మందమో అంత! ఆ రెండు కాగితముల మందములో ఒక మనిషి తన అన్నవాహికను నిలుపుకొనుటయో పోగొట్టుకొనుటయో తేలును.

మఱి ఆ లోతును తెలిసికొనుట ఎట్లు? సి.టి. స్కాను, పెట్ స్కాను దూరపు వ్యాప్తిని చూపును గాని ఇంత సూక్ష్మమైన లోతును చూపజాలవు. ఎండోస్కోపు కొనకు శబ్దతరంగముల యంత్రమును తగిలించి చూచు పరీక్ష కలదు. అదియు మొదటి పొరకు రెండవ పొరకు గల తేడాను పలుమారులు తప్పుగా చెప్పును. నమ్మదగిన సాక్షి ఒక్కటే. వ్యాధిగల చోటును లోపలి నుండియే ఒక ముక్కగా చెక్కి తీసి, సన్నని రేకులుగా కోసి, సూక్ష్మదర్శినిలో చూచుట.

ఈ పనిని ఎండోస్కోపు ద్వారా, పైకి గాటు లేకుండ చేయుదురు. వ్యాధి క్రింద సూదితో ద్రవము ఎక్కించి దానిని పైకి లేపి, విద్యుత్తుతో పనిచేయు చిన్న కత్తితో చుట్టును గీచి, క్రింది పొర నుండి ఒలిచి తీయుదురు. చిన్న మచ్చలను ఉచ్చు వేసి తీయుట పాత పద్ధతి; పెద్ద వానిని ఒకే ముక్కగా ఒలుచు పద్ధతిని 1990వ దశకమున జపాను వైద్యులు అభివృద్ధి చేసిరి. రోగి కొద్ది దినములలోనే ఇంటికి పోవును. ఛాతీ తెఱచు పని లేదు, కడుపు కదపు పని లేదు.

పెద్దలు గమనింపవలసిన విషయము ఇది. ఈ చిన్న చికిత్స ఒక విధముగా చికిత్స, మఱియొక విధముగా పరీక్ష. తీసిన ముక్కను చూచిన వైద్యుడు, వ్యాధి మొదటి పొరలోనే ఉన్నది, అంచులు శుభ్రముగా నున్నవి, నాళములలోనికి చొరబడలేదు, కణములు మఱీ వికారముగా లేవు అని చెప్పినచో పని అయినట్లే. అట్లుగాక లోతు ఎక్కువైనదని చెప్పినచో, చేసినది వ్యర్థము కాలేదు. పెద్ద శస్త్రచికిత్స ఇంకను చేయవచ్చును, ఇప్పుడు ఊహతో గాక సాక్ష్యముతో చేయవచ్చును. కావున వ్యాధి పైపైననే కనబడినప్పుడు, చిన్న దానితో మొదలిడుట పెద్ద దానికి దారి మూయదు. నేరుగా పెద్ద దానితో మొదలిడినచో తీసివేసిన అన్నవాహికను మరల తేలేము.

అయితే ఇక్కడనే ఒక ప్రమాదము పొంచియున్నది. చిన్న చికిత్స చేయించుకొని హాయిగా ఇంటికి వచ్చిన రోగి, పది దినములకు వచ్చిన నివేదికలో లోతు ఎక్కువ యని వ్రాసియున్నను, "నాకు బాగుగనే యున్నది గదా" యని ఆగిపోవును. ఇంటివారును ఆపరేషను తప్పినదని సంతోషించి ఊరకుందురు. బాగుగా నుండుటకు, బిళ్ళలో ఏమియు లేకుండుటకు సంబంధము లేదు. నివేదికను తెచ్చుకొనక, చదివించుకొనక మానుకొన్నచో చేయించుకొన్నది సగము చికిత్స.

ఈ పద్ధతికి గల లోపములను కూడ చెప్పవలెను. ఒలిచిన చోటు గొట్టము చుట్టుకొలతలో ముక్కాలు పాలు మించినచో, మానునప్పుడు మచ్చకట్టి దారి ముడుచుకొనును. బుడగ వంటి సాధనముతో పలుమారులు సాగదీయించుకొనవలసి వచ్చును. మఱియు అన్నవాహిక నిలిచియున్నది కావున అందులో వ్యాధి మఱియొకచోట పుట్టవచ్చును. చుట్ట, బీడీ, జర్దా కిళ్ళీ, గుట్కా, సారా వీనికి అలవాటుపడిన వారి గొట్టమంతయు ఒకే పొగలో తడిసిన గోడ వంటిది. ఒకచోట మసి తుడిచినంత మాత్రమున తక్కిన గోడ తెల్లబడదు. అందువలన మొదటి సంవత్సరములో కొన్ని మాసముల కొకసారి, పిదప ఏటేట, ఎండోస్కోపు చేయించుకొనుచుండవలెను. లోపల ఐయోడిను ద్రావకము చల్లుదురు. ఆరోగ్యముగా నున్న పొర గోధుమరంగు పొందును, చెడిన చోటు రంగు పట్టక పాలిపోయి నిలుచును. ఇట్లు చూపించుకొనుటకు పట్టణమునకు రాగలిగిన వానికి ఈ దారి మంచిది. రాలేని వానికి, రానని ముందే మనసులో అనుకొన్న వానికి, ఇది మోసపు దారి.

ఇక పెద్ద శస్త్రచికిత్స. దీని చరిత్ర కొంచెము తెలిసియున్నచో దీని స్వభావము బోధపడును. 1913లో న్యూయార్కు నగరమున ఫ్రాంజ్ టోరెక్ అను శస్త్రవైద్యుడు 67 ఏండ్ల స్త్రీకి ఛాతీ తెఱచి, క్యాన్సరు పట్టిన అన్నవాహికను తీసివేసెను. తెగిన దానిని మరల కలుపుట ఆయన వలన కాలేదు. మెడ యొద్ద ఒక రంధ్రము, కడుపు యొద్ద ఒక రంధ్రము చేసి, రెంటికి నడుమ దేహమునకు వెలుపల రబ్బరు గొట్టము తగిలించిరి. ఆమె నోట తినిన ఆహారము ఆ రబ్బరు గొట్టమున దిగి కడుపు చేరెడిది. అట్లే ఆమె పండ్రెండేండ్లకు పైగా బ్రతికినది! 1933లో జపానునందలి క్యోటోలో తోహ్రు ఒసావా కడుపునే పైకి లాగి ఛాతీలో కలుపు పద్ధతిని లోకమునకు తెలిపెను. 1946లో వేల్సు దేశీయుడగు ఐవర్ లూయిస్ పొట్టను, కుడి ప్రక్క ఛాతీని తెఱచి చేయు పద్ధతిని వివరించెను. నేటికిని ఆయన పేరనే ఆ ఆపరేషను నడచుచున్నది. 1976లో ఇంగ్లండునందలి మెకౌన్ మెడలో కూడ గాటు పెట్టి అచట కలుపు పద్ధతిని చెప్పెను. 1978లో అమెరికాకు చెందిన ఆరింజర్, ఛాతీ తెఱవకుండనే, పొట్ట నుండియు మెడ నుండియు చేతితో విడదీసి అన్నవాహికను తీయు పద్ధతిని మరల వ్యాప్తికి తెచ్చెను.

పేర్లు పలుకైనను పని యొక్క సారము ఒక్కటే. అన్నవాహికలో చాల భాగమును, చుట్టునున్న బిళ్ళలను తీసివేసి, కడుపును సన్నని గొట్టముగా కుట్టి, పైకి తెచ్చి, మిగిలిన కొనకు అతుకుదురు. బిళ్ళలను బాగుగా తీయవలెనన్న ఛాతీలోనికి పోక తప్పదు. ఊపిరితిత్తులు బలహీనమైన వానికి ఛాతీ తెఱవకుండుట మేలు. మెడలో అతికినచో, అతుకు ఊడిన పక్షమున వచ్చు కీడు తక్కువ, కాని ఊడుట కొంచె మెక్కువ, కంఠనాడికి దెబ్బ తగులు భయమును ఎక్కువ. ఛాతీలో అతికినచో ఇందుకు తలక్రిందులు. ఈ తారతమ్యములను శస్త్రవైద్యుడే తూచవలెను. అయినను, మీ తండ్రికో అన్నకో ఏ పద్ధతి చేయనున్నారు, అది ఎందుకు అని అడుగుటకు ఎవ్వరును సంకోచింపనక్కఱలేదు.

చిన్న రంధ్రముల ద్వారా కెమెరా పంపి చేయు విధానము ఇప్పుడు విరివిగా నున్నది. 2012లో ప్రచురితమైన ఐరోపా పరిశీలనలో 115 మంది రోగులను రెండు వర్గములు చేసి చూచిరి. ఛాతీ తెఱచి చేసిన వారిలో ఆసుపత్రిలో నుండగా ఊపిరితిత్తుల జబ్బు తగిలినవారు నూటికి 34 మంది. రంధ్రముల ద్వారా చేయించుకొన్న వారిలో నూటికి 12 మంది. ఇది చిన్న తేడా కాదు. యంత్రహస్తములతో చేయు రోబోటు విధానము కూడ కలదు. యంత్రము తనంతట తాను కోయునని కొందఱి భ్రమ. అది వైద్యుని చేతి కదలికను అనుసరించు పనిముట్టు మాత్రమే. పనిముట్టు కంటె చేయి ముఖ్యము.

చేయి యనగా అలవాటుపడిన చేయి. 2002లో అమెరికాలో ప్రచురించిన ఒక పెద్ద పరిశీలనలో 65 ఏండ్లు దాటిన వృద్ధుల లెక్కలు తీసిరి. అన్నవాహిక తీసివేయు ఆపరేషను ఏటికి రెండు కూడ జరుగని ఆసుపత్రులలో నూటికి 20 మంది చనిపోయిరి. ఏటికి 19 మించి జరుగు ఆసుపత్రులలో నూటికి 8 మంది. రోగము ఒక్కటే, ఆపరేషను ఒక్కటే. చోటు మాఱగా చావు సగమునకు పైగా తగ్గినది. నేడు ఆరితేరిన కేంద్రములలో ఈ సంఖ్య నూటికి అయిదు లోపునకు దిగినది. శస్త్రవైద్యుని నైపుణ్యము ఒక్కటే దీనికి కారణము కాదు. మూడవనాటి రాత్రి జ్వరము వచ్చినప్పుడు అది అతుకు ఊడిన జ్వరమని గుర్తించు నర్సు, ఆ వేళకు స్కాను తీయగల యంత్రము, వెంటనే గొట్టము వేయగల ఎండోస్కోపు వైద్యుడు, వీరందఱు ఉన్నచోటనే ప్రాణము నిలుచును. అతుకు కాఱుట పదిమందిలో ఇంచుమించు ఒక్కరికి సంభవించును. దానిని సకాలమున కనుగొనుటయే గొప్ప. కావున మీ జిల్లా పట్టణములో ఎంత మంచి వైద్యుడున్నను, ఏటికి ఇట్టివి ఎన్ని చేయుచున్నారని వినయముగా అడుగుడు. మంచి వైద్యుడు ఈ ప్రశ్నకు కోపగింపడు. కోపగించినచో అదియు ఒక సమాధానమే.

ఆపరేషను తరువాతి బ్రతుకు సంగతి ఆసుపత్రిలో క్లుప్తముగా చెప్పుదురు. నేను కొంచెము నిదానముగా చెప్పెదను. కడుపు సన్నని గొట్టమై పైకి పోయినది గనుక, పూటకు కంచము నిండ తిను అలవాటు ఇక చెల్లదు. దినమునకు ఆఱు మారులు, కొంచెము కొంచెముగా, నమిలి నమిలి తినవలెను. భోజనముతోబాటు చెంబెడు నీళ్లు త్రాగరాదు. తీపి ఎక్కువగా తినినచో చెమటలు, గుండెదడ, విరేచనము కలుగును. పడుకొన్నప్పుడు తినినది గొంతులోనికి ఎగదన్నును. అందుచేత మంచమునకు తలవైపు కోళ్ళ క్రింద ఇటుకలు పెట్టి ఎత్తు చేసికొనవలెను, రాత్రి భోజనము ప్రొద్దు గూకకముందే ముగింపవలెను. బరువు చాల తగ్గును. 60 కిలోల మనిషి 52, 53కు దిగుట వింత కాదు. మొదటి వారములలో ప్రేగులోనికి వేసిన సన్నని గొట్టము ద్వారా ఆహారము ఎక్కింపవలసియుండును. పొలము పనికి పోగల సత్తువ వచ్చుటకు ఆఱు మాసములో, సంవత్సరమో పట్టును. ఇన్నియు చెప్పి భయపెట్టుట నా ఉద్దేశము కాదు. ఇట్లే సర్దుకొని, పెండ్లిపందిటిలో విస్తరి ముందు కూర్చుండి నాలుగు ముద్దలు తిని తృప్తిగా లేచువారు ఎందఱో కలరు. అయినను పెండ్లి విందులో నాలుగు ముద్దలతో లేచుట యనునది తన కెట్లుండునో ఎవరికి వారు తలపోసికొనవలసిన సంగతి.

శస్త్రము వలదనుకొను వారికి మూడవ దారి యొకటి కలదు. మందులను కిరణములను కలిపి ఇచ్చు చికిత్స ఇది. పొలుసుకణముల జాతికి ఇది బాగుగా పనిచేయును. అన్నవాహిక అడుగుభాగమున పుట్టు గ్రంథికణముల జాతికి అంత నమ్మదగినది కాదు. ఈ విషయమున జపానులో జరిగిన ఒక పరిశీలన నాకు మిక్కిలి ఆసక్తి కలిగించినది. రెండవ పొర దాక దిగి, బిళ్ళలకు ప్రాకినట్లు కనబడని రోగులను శస్త్రచికిత్సకు కొందఱిని, మందులు కిరణములకు కొందఱిని చీట్లు వేసి పంపవలెనని అచ్చటి వైద్యులు తలచిరి. 379 మంది చేరిరి. చీటీకి ఒప్పుకొన్నవారు 11 మంది మాత్రమే! తక్కినవారందఱు తమ దారి తామే ఎన్నుకొందుమనిరి. 209 మంది కత్తిని కోరిరి, 159 మంది కిరణమును కోరిరి. 2021లో ఫలితము ప్రకటింపబడినది. అయిదేండ్లకు బ్రతికియున్నవారు శస్త్రచికిత్స వర్గములో నూటికి 86.5, కిరణముల వర్గములో 85.5. ఇంచుమించు సమానము.

ఈ లెక్కను చూచి కిరణమే సులభమని తొందరపడరాదు. కిరణచికిత్స పొందిన వారిలో కొందఱికి వ్యాధి అక్కడనే మిగిలెను, లేదా మరల పుట్టెను. వారికి తరువాత ఎండోస్కోపుతోనో కత్తితోనో మఱియొక చికిత్స కావలసివచ్చెను. కిరణములు సోకిన ఛాతీలో ఆపరేషను చేయుట కష్టము, అపాయము. అయినను అన్నవాహికను నిలుపుకొని అయిదేండ్లు దాటినవారు అందు పెక్కురు కలరన్నది నిజము. చిన్న చికిత్స చేయించుకొన్న పిదప లోతు ఎక్కువని తేలినవారికి, పెద్ద ఆపరేషనుకు బదులు మందులు కిరణములు ఇచ్చి చూచిన మఱియొక జపాను పరిశీలన 2019లో వెలువడినది. అట్టివారిలో మూడేండ్లకు నూటికి 90 మంది జీవించియుండిరి.

ఒకే లోతుగల వ్యాధితో ముగ్గురు రోగులు వచ్చినారని ఊహింతము. మొదటివాడు 55 ఏండ్ల రైతు, మేడ మెట్లు ఆగకుండ ఎక్కగలడు, చుట్ట మానివేసినాడు, ఊరు పట్టణమునకు దూరము, మూడేసి మాసముల కొకసారి పరీక్షకు రాలేనని నిజము చెప్పినాడు. అతనికి నేనైనచో శస్త్రచికిత్సనే సలహా యిత్తును. రెండవ ఆయన 76 ఏండ్ల విశ్రాంత ఉపాధ్యాయుడు; ఉబ్బసము; కొడుకు హైదరాబాదులో నున్నాడు, పరీక్షలకు పోవుట కష్టము కాదు. ఆయనకు కత్తి కంటె కిరణము మేలు. మూడవవాడు హరికథ చెప్పి జీవించు భాగవతారు, 60 ఏండ్లవాడు, ఆరోగ్యవంతుడు. శాస్త్రము ప్రకారము శస్త్రచికిత్సకు తగినవాడే. కాని మెడలోని కంఠనాడికి దెబ్బ తగిలి గొంతు బొంగురుపోవు అవకాశము కలదని విని, "గొంతు పోయిన తరువాత నే నెవడిని?" అని అతడు అడిగినచో దానికి వైద్యగ్రంథములో జవాబు లేదు. అతడు కిరణమును కోరినచో అది మూర్ఖత కాదు. వైద్యుడు అతనికి చెప్పవలసినది నష్టభయము ఎంత యనుట, ఎన్నుకొనవలసినది అతడే.

అందువలననే గ్రామపెద్దలకు నేను ముఖ్యముగా చెప్పదలచినది యొకటి కలదు. మన ఇండ్లలో రోగికి రోగము పేరు చెప్పకుండ దాచుట ఒక దయగా భావింతురు. కొడుకులు, అల్లుండ్రు వసారాలో కూర్చుండి, ఊరి పెద్దను పిలిచి సలహా అడిగి, "పెద్దాయనకు పుండు యని చెప్పుదము" అని తీర్మానింతురు. ముదిరిన వ్యాధిలో అట్టి దాపఱికమును గూర్చి వాదింపవచ్చునేమో గాని, తొలిదశలో అది అన్యాయము. కంచము ముందు కూర్చుండబోవువాడు ఆయన, మంచము ఎత్తుపెట్టి పడుకొనబోవువాడు ఆయన, ఏటేట గొట్టము మ్రింగబోవువాడును ఆయనయే. ఆయనకు తెలియకుండ ఎన్నుకొన్న చికిత్సకు ఆయన సహకారము ఎట్లు వచ్చును? పుండే గదా యని మరల చుట్ట వెలిగించినచో తప్పెవ్వరిది? వ్యాధి నయమగుటకు అవకాశము మెండుగా నున్న దశ యిది. చెప్పుటకు భయపడవలసినంత చెడ్డవార్త కాదు. తలుపు వేసికొని, మెల్లగా, కొడుకో కూతురో ప్రక్కన నుండగా వైద్యుని చేతనే చెప్పింపవచ్చును. మీ సలహా అడుగవచ్చిన ఇంటివారితో మొదట "పెద్దాయనకు తెలియునా?" అని అడుగుడు.

ఆలస్యము గూర్చి రెండు మాటలు. తొలిదశయని తెలిసిన పిదప, నిర్ణయమునకు రెండు మూడు వారములు తీసికొనుట వలన కీడు లేదు. మఱియొక వైద్యుని సలహాకు ఆ కాలము చాలును. తెలియనివారి పసరు మందులతో ఆఱు మాసములు గడపినచో మాత్రము రెండు కాగితముల మందము దాటిపోవును. వ్యాధి కండపొర దిగినదా, బిళ్ళలకు ప్రాకినదా, పైన చెప్పిన ఎంపికలు చాలవఱకు మూతపడును. మొదట మందులు కిరణములు, ఆపై శస్త్రము, రెండును కావలసివచ్చును.

ఆ రెండు మూడు వారములు వ్యర్థముగా పోనక్కఱలేదు. చుట్ట బీడీ ఆనాడే మానవలెను. దినము గంటసేపు నడువవలెను. వైద్యశాలలో ఇచ్చు గోళీల గొట్టముతో ఊపిరి గట్టిగా పీల్చు అభ్యాసము చేయవలెను. పాలు, గ్రుడ్లు, పప్పు ఎక్కువగా తినవలెను. పండ్లు, నోరు శుభ్రముగా నుంచుకొనుట చిన్న విషయముగా తోచును గాని, నోటిలోని క్రిములే ఊపిరితిత్తులలోనికి జాఱి శస్త్రచికిత్సానంతరము జబ్బు కలిగించును; పుచ్చిన పన్ను ఉన్నచో ముందే చూపించుకొనవలెను. ప్రభుత్వ ఆరోగ్య పథకములో ఏ చికిత్స, ఏ ఆసుపత్రిలో చేరియున్నదో కార్డుతో పోయి ముందుగా విచారించుకొనవలెను; ఎండోస్కోపుతో ఒలుచు చికిత్స అన్నిచోట్ల జరుగదు.

రెండవ వైద్యుని యొద్దకు పోవునప్పుడు కాగితములు మాత్రము పట్టుకొనిపోయినచో చాలదు. తీసిన ముక్కను మైనపు దిమ్మలో భద్రపఱచి, దాని నుండి కోసిన రేకులను గాజుపలకలపై అతికి, మొదటి ఆసుపత్రివారు దాచియుంతురు. లోతు నిర్ణయము ఆ పలకల మీదనే జరిగినది. దానిని మఱియొక అనుభవజ్ఞుడు తన కంటితో చూచినప్పుడు నిర్ణయము మాఱుటయు కలదు. ప్రయోగశాలలో రసీదు వ్రాసి యిచ్చి పలకలను, దిమ్మను అడిగి పుచ్చుకొనుడు. ఎండకు మైనము కరగును గావున దిమ్మను బస్సు కిటికీ ప్రక్కన పెట్టక, గుడ్డలో చుట్టి సంచి అడుగున పెట్టి తీసికొనిపోవలెను.